కూత పెట్టి గీసిన కుండ

నాకు కోపం వస్తే విజిలు వేస్తాను. ఉద్యోగం నేర్పిన అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. మొన్న రైతుబజారులో వరసలో నిలబడి ఉంటే ఒక పెద్దమనిషి మధ్యలో దూరాడు. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ విజిలు లేదు కాబట్టి ఆయన బతికిపోయాడు.

విజయవాడ పటమటలో ఒక ఆడపిల్లల ఎయిడెడ్ హైస్కూల్లో నేను డ్రిల్లు టీచరుగా పనిచేశాను. కాగితాల మీద పీఈటీ అని రాస్తారు. ఎండలో పరిగెత్తించినప్పుడు పిల్లలు ఇంకేదో అనేవాళ్ళు, అది నేను విననట్టు ఉండేదాన్ని. మా కబడ్డీ టీము ఎక్కడికి వెళ్ళినా అవతలి టీచర్లు ముందే మొహం వేలాడేసేవాళ్ళు. అంత గొప్పదాన్ని, యాభై దాటిన వయసులో, ఒక కుండ బొమ్మ గీయలేక స్టాఫ్ బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా పాత విద్యార్థినులు ఇంటికి వచ్చి "మేడమ్, మాకు చేతకాని పనులన్నీ మా నెత్తినే పెడుతున్నారు" అని వాపోతుంటారు. వాళ్ళకి ఈ కుండ సంగతి చెబుతుంటాను. ఈసారి రాసి పెడుతున్నాను. ఎందుకంటే నోటితో చెప్పిన ప్రతిసారీ మా ఆయన పక్కన చేరి, అసలు చోటుకి వచ్చేసరికి నవ్వి పాడుచేస్తున్నారు.

సంగతి ఎలా మొదలైందంటే, ఒకరోజు మా హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి కుర్చీ చూపించారు. డ్రిల్లు టీచరుకి ఎవరైనా కుర్చీ చూపించారంటే కొంప మునిగిందని అర్థం.

"స్కూల్లో పిల్లలు తగ్గిపోయారు కదండీ. మీ పోస్టు మిగులు కింద చూపించమంటున్నారు. మిమ్మల్ని ఎటో సముద్రం ఒడ్డుకు పంపిస్తారు" అన్నారావిడ.

"సముద్రమైతే నాకేం భయం మేడమ్? ఇక్కడ గ్రౌండు సంగతేంటి?" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి గ్రౌండు వైపు చూశారు. సంగతి నాకు తెలిసిందే. మా కరస్పాండెంట్ గారికి పక్క వీధిలో కోచింగ్ కాలేజీ ఒకటి ఉంది. దాని బస్సులకి రాత్రిళ్ళు నిలపడానికి చోటు లేదు. ఆయన మా స్కూలుకి వచ్చినప్పుడల్లా గ్రౌండు వైపు చూసే చూపు ఎలా ఉండేదంటే, పెళ్ళిభోజనంలో పక్కవాడి విస్తట్లో గారె వైపు చూసే చూపులా ఉండేది. డ్రిల్లు టీచరు లేని స్కూలుకి గ్రౌండెందుకు అని అడిగే మనిషి ఆయన. పటమటలో చుట్టుపక్కల అపార్టుమెంట్లు మొలిచేశాయి. ఆడపిల్లలు గట్టిగా అరుస్తూ పరిగెత్తడానికి మిగిలిన జాగా ఆ ఒక్కటే.

"ఒక దారి ఉంది" అన్నారు హెడ్మిస్ట్రెస్. "మన డ్రాయింగు మాస్టారు ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. మీరు డ్రాయింగు లోయర్ గ్రేడు పాసైతే, ఆటలూ డ్రాయింగూ రెండూ కలిపి మిమ్మల్ని ఇక్కడే చూపిస్తాను. కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారు. పరీక్ష చలికాలంలో. చిన్నపిల్లలు రాసే పరీక్షేనండీ, మీకెంత?"

నాకెంతో ఆ రాత్రే తెలిసింది. కూరగాయలు తరిగాక డైనింగు టేబులు మీద తెల్లకాగితం పెట్టుకుని కుండ గీశాను. పరీక్షలో మొదటి పేపరు అదే: నడుమ నిలువుగా ఒక గీత, దానికి ఎడమవైపు కుండ సగం, కుడివైపు అచ్చం అలాంటిదే ఇంకో సగం. స్కేలు పెట్టకూడదు, వృత్తలేఖిని పెట్టకూడదు, వట్టి చెయ్యి. ఎడమ సగం ఫరవాలేదనిపించింది. కుడి సగం గీసేసరికి, ఎడమ సగానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

మా ఆయనకు ఆటోనగర్లో షెడ్డు ఉంది. గుద్దేసిన కార్లకీ లారీలకీ సొట్టలు తీసే టింకరింగు పని. ఆయన కాగితం తీసుకుని ట్యూబులైటు కిందకి పట్టి చూశారు.

"సైడు నించి ఆర్టీసీ బస్సు గుద్దినట్టుందే" అన్నారు. "డోరు కూడా పోయింది. టింకరింగు చేస్తే ఆగదు, మార్చెయ్యడమే."

మర్నాడు స్కూల్లో డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వన్‌టౌన్ సాయిబు గారు. వాళ్ళ నాన్నగారి కాలంలో బీసెంట్ రోడ్డులో సగం షాపుల బోర్డులు వాళ్ళ ఇంటి కుంచెతోనే రాశారని చెప్పుకునేవాళ్ళు. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా, మాట తక్కువ. సాయంత్రాలు బడి వదిలాక నేర్పుతానని ఒప్పుకున్నారు. గోడకి ఎప్పటిదో పాత చార్టు ఒకటి తగిలించి, అందులో కుండను చూపించి, "గీయండి టీచరమ్మా" అన్నారు.

గీశాను. ఆయన కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, వంగి చూశారు. చాలాసేపు చూశారు. నేను తీర్పు కోసం ఆయన మొహం వంక చూశాను.

"ఇంకోటి గీయండి" అన్నారు.

అంతే. తప్పెక్కడో చెప్పలేదు. పెన్సిలు తీసుకుని ఇలా అని చూపించలేదు. ఇంకోటి గీశాను. మళ్ళీ వంగి చూశారు. "ఇంకోటి గీయండి." వారం తిరిగేసరికి ఆ మాట నా కలలోకి వచ్చింది. కలలో ఆయన నాకు అన్నం వడ్డించి, తినగానే ఇంకోటి గీయండి అన్నారు.

నాకు లోపల మండిపోయేది. నేను కబడ్డీ నేర్పేటప్పుడు పిల్ల కాలు ఎక్కడ పెట్టాలో నా కాలు పెట్టి చూపిస్తాను. పడిపోతే నేను కూడా పడి, ఎలా పడాలో చూపిస్తాను. ఈయన పెన్సిలు ముట్టుకోడు! రాజాగారిలా వెనక చేతులు కట్టుకుని నిలబడతాడు! పెద్ద కళాకారుడు కదా, మనలాంటి మట్టిమనుషుల ముందు గీస్తే చెయ్యి అరుగుతుంది కాబోలు అనుకున్నాను. ఇంట్లో మా ఆయన దగ్గర అన్నాను కూడా. ఆయన ఫోనులో వీడియోలు వెతికి పెట్టారు. ఒక వీడియోలో ఒక అమ్మాయి చిరునవ్వుతో ఒక సున్నా చుట్టి, దాని మీద రెండు గీతలు గీసి, "చూశారా, ఎంత ఈజీయో" అంటుంది. అప్పటికది నెమలి అయిపోయి ఉంటుంది. నేను సున్నా చుట్టి రెండు గీతలు గీస్తే రెండు గీతలున్న సున్నా వచ్చింది.

పెన్సిలు బాగోలేదన్నాను. కొత్తది కొన్నాను. కాగితం గరుకుగా ఉందన్నాను. బల్ల ఎత్తు ఎక్కువన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి రబ్బరు మీద కూడా నేరం మోపాను. కాగితానికి చిల్లు పడేదాకా రుద్దితే ఏ రబ్బరైనా ఏం చేస్తుంది?

బొమ్మ గీయడం నేర్చుకోవడం ఎందుకంత ఉక్రోషం తెప్పిస్తుందో నాకు అప్పుడు కొంత, తరవాత కొంత అర్థమైంది. ఆటలో ఓడితే అవతలివాళ్ళు బలంగా ఉన్నారనుకుని సర్దుకోవచ్చు. రిఫరీని తిట్టుకోవచ్చు. కాగితం మీద అవతలివాళ్ళే లేరు. పైగా ఇక్కడ రిఫరీ మన కన్నే. అదొక దొంగ రిఫరీ. చేతికంటే ముందు కన్ను నేర్చుకుంటుంది. మొదటివారం నా కుండలో నాకు కనిపించింది ఒక్క సొట్టే. నెల తిరిగేసరికి అలాంటి కుండలోనే సొట్టలు, వాపులు, మెడనరం పట్టడం, అన్నీ కనిపించసాగాయి. చెయ్యి కొంచెం కొంచెం బాగుపడుతూనే ఉంది, కానీ కన్ను దాన్ని మించి పరిగెడుతోంది. అందుకని రోజురోజుకీ నాసిరకంగా గీస్తున్నాననుకున్నాను. సరిగ్గా అక్కడే చాలామంది పెన్సిలు పారేస్తారు. నేనూ పారేశాను, స్టాఫ్ రూము కిటికీలోంచి.

అది వెళ్ళి గ్రౌండులో మా టీము కెప్టెన్ ముందు పడింది. తొమ్మిదో తరగతి. కృష్ణ ఒడ్డున చేపలు పట్టే వాళ్ళ పిల్ల. వలలో చిక్కిన చేపయినా జారిపోతుందేమో గానీ ఆ పిల్ల పట్టిన రైడరు జారిపోయేది కాదు. నోరు కూడా అంతే గట్టిది. పెన్సిలు తీసుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. నేను అప్పుడే బాత్రూములోంచి వచ్చాను, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దాచుకోవడానికి వీల్లేదు.

"టీచర్, పడినందుకు కొట్టను, లేవనందుకు కొడతానని మీరే అంటారుగా?" అంది.

"అయితే?"

"ఏం లేదు టీచర్. పెన్సిలు పడిపోయిందిగా, లేపి తెచ్చాను."

దాన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పేవి శ్రీరంగనీతులని పిల్లలు వెనక అనుకుంటారేమోనని భయపడ్డాను. ఇది మొహం మీదే అనేసింది. ఆ సాయంత్రం నించి కెప్టెనూ ఇంకో ఇద్దరు పిల్లలూ నాతోపాటు డ్రాయింగుకి కూర్చున్నారు. పరీక్షకి వాళ్ళూ కడతామన్నారు. "మీరొక్కరే ఏడుస్తుంటే బాగోదు టీచర్" అన్నారు.

దసరా సెలవుల తరవాత అనుకుంటాను. పోటీలు దగ్గరపడి, గ్రౌండులో కబడ్డీ కోర్టు గీస్తున్నాను. మూలల్లో మేకులు కొట్టి, అడుగున చిల్లులున్న డబ్బాలో సున్నం పోసుకుని, తాడు లేకుండానే గీసేస్తాను. ఏళ్ళ తరబడి గీసిన చెయ్యి. మాస్టారు చేతికివ్వబోయిన టీ గ్లాసుని వరండాలో బల్ల మీదే పెట్టించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"టీచరమ్మా, ఆ గీత గీసేటప్పుడు ఎటు చూస్తున్నారు?" అన్నారు.

"ఎటేంటి మాస్టారూ, అవతలి మేకు వైపు."

"డబ్బా వైపు చూడరా?"

"డబ్బా వైపు చూస్తే గీత వంకరపోదూ?"

"మరి కాగితం మీద పెన్సిలు మొన వైపు ఎందుకు చూస్తున్నారు?" అన్నారు.

నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సున్నం ఒకే చోట కారి చిన్న గుట్టయింది. అన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడిన అతి పొడుగాటి సంభాషణ అదే. వెంటనే ఖాళీ జాగాలో నిలువుగా ఒక గీత వేసి, నా నిలువంత కుండ గీయబోయాను. ఎక్కడ తిరగాలో అక్కడ ముందే కన్ను పెట్టి, చెయ్యంతా కదిలిస్తూ. మెడ దాకా బాగా వచ్చింది. అక్కడ ఊపిరి అందక ఆగిపోయాను.

"టీచర్, మీరు గీసేటప్పుడు ఊపిరి బిగపడుతున్నారు. కాగితం మీదయినా అంతే, గీత అవగానే రొప్పుతారు" అంది కెప్టెన్. "కూతకెళ్ళి నోరు మూసుకుంటే అవుటేగా?"

అది ఎగతాళికే అంది. నేను మాత్రం ఎగతాళిగా తీసుకోలేదు. కబడ్డీలో కూత ఎందుకు పెడతాం? ఊపిరి దొంగతనంగా పీల్చకుండా, వదులుతూనే ఉండడానికి. కూత ఉన్నంతసేపూ భయానికి జాగా ఉండదు. డబ్బా ఎత్తి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ మళ్ళీ మొదలుపెట్టాను. పొట్ట, మెడ, మూతి, మధ్యగీత. తిరిగి చూస్తే కుండ! పక్కింటావిడ వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళేలాంటి కుండ. పిల్లలు ఈలలు వేశారు. నేను మాస్టారి వైపు చూశాను.

"ఇంకోటి గీయండి" అన్నారు.

ఇక రోజూ సాయంత్రం అదే ఆట. గ్రౌండంతా నిలువెత్తు కుండలు. ఒక పిల్ల ఎడమ సగం, ఒక పిల్ల కుడి సగం, ఇద్దరూ ఒకేసారి కూత పెట్టి గీయాలి, ఎవరిది ఆగితే వాళ్ళు అవుట్. నీడపడే వైపుకి మాస్టారు రంగు వెయ్యమన్నారు. పిల్లలు గోడ పక్క ఇటుకముక్కలు దంచి ఎర్రపొడి చల్లారు. మధ్యలో దాహానికి మా వాళ్ళు ఉప్పు అద్దిన నిమ్మచెక్కలు చప్పరిస్తారు, అది మా టీము అలవాటు. చప్పరించి అక్కడే పారేస్తారు, అది నేను మాన్పించలేకపోయిన అలవాటు.

ఒకరోజు పొద్దున్నే, అవి అలా పడి ఉండగానే, పరీక్ష కాకముందే చోటు ఎంత సరిపోతుందో చూద్దామని కరస్పాండెంట్ గారు కాలేజీ బస్సులు రెండు పంపించారు. ఆరోజు అమావాస్య. అది నాకు తెలియదు, డ్రైవర్లకి తెలుసు.

నేను వెళ్ళేసరికి బస్సులు గేటు బయట ఉన్నాయి. డ్రైవర్లు దిగి దూరంగా కిళ్ళీకొట్టు దగ్గర నిలబడ్డారు. కరస్పాండెంట్ గారు కారు దిగి గేటు దాకా వచ్చి, లోపల కాలు పెట్టకుండా తొంగి చూస్తున్నారు. మంచులో తెల్లటి కుండలు, వాటి మీద ఎర్రపొడి, మధ్యమధ్యలో కోసిన నిమ్మకాయలు. నిజం చెప్పొద్దూ, చూస్తే నాకే కొంచెం గుబులేసింది.

"ఎవరు చేశారిదంతా?" అన్నారాయన మెల్లగా.

"నేనే సార్" అన్నాను. "పిల్లలూ నేనూ. రోజూ పొద్దువాలాక చేస్తున్నాం."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "టీచరమ్మా, మనసులో ఏమన్నా ఉంటే నాతో చెప్పొచ్చు కదా. ఇంట్లో పిల్లలున్నవాణ్ణి" అన్నారు.

అప్పుడు అర్థమై, "అయ్యో సార్, ఇది డ్రాయింగు!" అన్నాను. హెడ్మిస్ట్రెస్ కూడా పరిగెత్తుకొచ్చి చెప్పారు. ఆయన నమ్మినట్టు తల ఊపారు. డ్రైవర్లు నమ్మలేదు. వాళ్ళలో పెద్దాయన కిళ్ళీకొట్టు దగ్గర్నించే కేకేశాడు: "డ్రాయింగైతే నిమ్మకాయలెందుకండీ? నేను చూడనివా? నేను బండి లోపలికి తేనండి, కావాలంటే ఉద్యోగం తీసెయ్యండి!"

బస్సులు వెనక్కి వెళ్ళాయి. కరస్పాండెంట్ గారు కారెక్కే ముందు నా వైపు తిరిగి, మర్యాదగానే, మాట తేల్చేశారు: "పరీక్ష పాసైతే గ్రౌండు మీదండీ. కాకపోతే మాత్రం పంతులు గారిని పిలిచి శుద్ధి చేయించి మరీ బస్సులు పెట్టిస్తాను." ఆ తరవాత నేను పిల్లల్ని నిమ్మచెక్కలు ఎత్తమని ఒక్కసారి కూడా అనలేదు.

పరీక్ష రోజు వచ్చింది. సెంటరు ఊళ్ళోనే ఇంకో స్కూలు. హాల్లో అందరూ జడలు వేసుకున్న పిల్లలూ, మీసాలు రాని పిల్లలూ. వాళ్ళ మధ్య చిన్న బెంచీలో మోకాళ్ళు ఇరుక్కుని నేను. గడ్డం కింద కళ్ళజోడు వేలాడేసుకున్న ఇన్విజిలేటరు గారు నా దగ్గర ఆగి, "పేరెంట్స్ బయట కూర్చోవాలండీ" అన్నారు.

"నాదీ హాల్ టికెట్టేనండీ" అన్నాను. హాలంతా తిరిగి చూసింది.

కాగితం ఇచ్చారు, ముద్ర వేసిన ఒక్క కాగితం. పాడైతే ఇంకోటి ఇవ్వరు. ఇంకోటి అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆరోజు తెలిసింది. ప్రశ్న కుండే, మెడ కొంచెం సన్నం. మధ్యగీత వేశాను. ఎడమ సగం వేశాను. కుడి సగానికి పెన్సిలు పెట్టేసరికి చెయ్యి వణికింది. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు పడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి. నాకు కళ్ళ ముందు గ్రౌండు కనిపించింది, దాన్నిండా పసుపురంగు బస్సులు కనిపించాయి. తుడిచాను. కాగితం పలచబడింది. ఇంకోసారి తుడిస్తే చిల్లే.

అప్పుడు వెనకనించి వినిపించింది. గుసగుసగా, ముగ్గురి గొంతులు: "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

ఇన్విజిలేటరు గారు పులిలా వచ్చారు. "ఎవరది? ఏం చెప్పుకుంటున్నారు? కాపీయా? ముగ్గురూ లేవండి!" మా పిల్లలు లేచారు. కెప్టెన్ చేతిలోంచి కాగితం లాక్కున్నారు. "మాల్‌ప్రాక్టీసు కింద రాసి పంపిస్తాను."

కెప్టెన్ ఎప్పుడూ ఏడవని పిల్ల. పెదవి బిగపట్టుకుంది, కళ్ళల్లో నీళ్ళు. నేను లేచాను. బెంచీ చిన్నది కాబట్టి బెంచీ కూడా నాతోపాటు లేచింది.

"సార్, వాళ్ళు కాపీ కొట్టట్లేదు. కూత పెడుతున్నారు. నేనే నేర్పాను."

"కూతేంటండీ?"

"ఊపిరి బిగపట్టకుండా సార్. కూత పెడితే గీత వణకదు."

"కబడ్డీ అంటే కుండ వస్తుందా?" అన్నారాయన. హాలంతా నవ్వింది. "సరే, ఏదీ మీరు గీయండి చూద్దాం. రాలేదంటే నలుగురివీ రాసి పంపిస్తాను."

బెంచీ కింద పెట్టి కూర్చున్నాను. ఇక గ్రౌండు ఒక్కటే కాదు, ముగ్గురు పిల్లల కాగితాలు కూడా నా పెన్సిలు మొన మీద ఉన్నాయి. పెన్సిలు మొన వైపు చూడకూడదన్నది అప్పుడే గుర్తొచ్చింది. పొట్ట తిరిగే చోటు చూశాను, మెడ ఆగే చోటు చూశాను. అవతలి కోర్టులో కాలు పెట్టేముందు చేసేలా ఒకసారి గాలి పీల్చాను. మొహమాటం వదిలేశాను.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

గొంతు నాది, మీకు తెలుసుగా, గ్రౌండు అవతలికి వినిపించే గొంతు. పక్క హాల్లోంచి ఎవరో తలుపు దగ్గరికి వచ్చి చూశారట. నాకు తెలియదు. పెన్సిలు పొట్ట తిరిగింది, మెడ ఎక్కింది, మూతి దగ్గర లోపలికి వచ్చి మధ్యగీతని తాకింది. తాకగానే ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? అరచేత్తో బెంచీని ఫట్టుమని కొట్టి "పాయింట్!" అని అరిచాను. ఇన్విజిలేటరు గారు ఒక అడుగు ఎగిరారు, కళ్ళజోడు గొలుసుతో ఊగింది.

ఆయన వంగి చూశారు. నా కుండ గొప్పగా ఏమీ లేదు. కానీ రెండు పక్కలూ ఒకే తల్లి పిల్లలు. ఆయన చాలాసేపు చూసి, కెప్టెన్ కాగితం దానికి ఇచ్చేశారు.

"ఆడుకోండి. కానీ పెదాలు మాత్రమే కదపండి, శబ్దం రాకూడదు" అన్నారు.

కాసేపటికి తలెత్తి చూస్తే, ఏ స్కూలువాళ్ళో కూడా తెలియని పిల్లలు, హాలు సగానికి సగం, పెదాలు కదుపుతూ గీస్తున్నారు.

పాసయ్యాను. ఎంతలో పాసయ్యానో అడక్కండి, గీత మీద కాలు పెట్టి లోపలికి దూకినట్టు పాసయ్యాను. మా ముగ్గురు పిల్లలకీ నాకంటే ఎక్కువ వచ్చాయి, ఆ మాట వాళ్ళు ఇప్పటికీ గుర్తు చేస్తారు. గ్రౌండు నిలిచింది. మా ఆయన నేను గీసిన ఒక కుండకి ఫ్రేము కట్టించి ఆటోనగర్ షెడ్డులో తగిలించారు. "మా షెడ్డుకి సొట్ట లేకుండా వచ్చిన బండి ఇదొక్కటే" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు.

బందరు లడ్డూలు తీసుకుని మాస్టారింటికి వెళ్ళాను. వన్‌టౌన్లో సన్నటి సందు, వాకిట్లో మల్లెతీగ. ఆయన అప్పటికే రిటైరయ్యారు. నన్ను చూసి నవ్వి, డబ్బా అందుకోబోయారు. కుడిచెయ్యి ముందుకు వచ్చింది. మొదటిసారి ఆ చేతిని ఎదురుగా చూశాను. డబ్బా మూత టకటకమని కొట్టుకుంది. ఆయన చెయ్యి ఆగకుండా వణుకుతోంది.

 వెనక్కి కట్టుకున్న ఆ చేతులు, బల్ల మీదే పెట్టించుకున్న ఆ టీ గ్లాసు, గోడ మీద ఆ పాత చార్టు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"చాలా ఏళ్ళయిందమ్మా ఇలా అయి" అన్నారాయన. "అందుకే మీ ముందు పెన్సిలు ముట్టుకోలేదు. మాస్టారి గీతే వంకరపోతే నేర్చుకునేవాళ్ళు ధైర్యం చెడతారు."

వాళ్ళావిడ టీ తెచ్చి లోపలికి వెళ్ళారు. ఆయన లడ్డూ డబ్బా వైపు చూస్తూ, ఏదో సిగ్గుపడుతున్నట్టు అడిగారు: "టీచరమ్మా, ఆ కూత... ఎలా పెట్టాలి? గట్టిగానా, మెల్లగానా?"

కాగితం వెతికి ఆయన ఒడిలో అట్ట మీద పెట్టాను. చేతికి పెన్సిలు ఇచ్చాను. "ముందు గాలి పీల్చండి మాస్టారూ. మొన వైపు చూడొద్దు, మీరే చెప్పారుగా." ఆయన గడ్డం సవరించుకుని, గొంతు సవరించుకుని, మెల్లగా మొదలుపెట్టారు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." వంటింట్లోంచి వాళ్ళావిడ "ఏమైందండీ?" అంటూ గరిటెతో సహా వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

గీత కదిలింది. కొంచెం వణికింది, కొంచెం నిలబడింది. పొట్ట దగ్గర అందంగా తిరిగింది, అలా తిరగడం నా చేతికి ఎప్పటికీ రాదు. మెడ దగ్గర మళ్ళీ వంకరపోయి ఆగింది. కూత కూడా ఆగింది. ఆయన కాగితం నా చేతికి ఇచ్చి, తీర్పు కోసం నా మొహం వంక చూశారు.

నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూశాను.

"ఇంకోటి గీయండి, మాస్టారూ" అన్నాను.